ఆగిన కారు, అసాధారణ కారణము

ఒక కార్యమునకు ముందు జరిగినవన్నియు దానికి కారణములగునా, కానిచో వానిలో దేనిని గ్రహించి దేనిని విడువవలెను అను ప్రశ్న తర్కశాస్త్రమున ఎంత పాతదో, వైశాఖమాసపు ఎండలో విజయనగరమునుండి ఇచ్ఛాపురమునకు బయలుదేరిన పాత అంబాసిడరు కారు, శ్రీకాకుళమున నాగావళిని, మడపాం వద్ద వంశధారను దాటి, టెక్కలి చేరకమునుపే రోడ్డుప్రక్కన ఆగిపోయినప్పుడు అందులోనివారి నడుమ అంత క్రొత్తగా పుట్టును.

అట్టి కారునొకదానిని ఊహింతము. ఉదయమున సెల్ఫు కొట్టగనే కదలినది. చాల దూరము ఏ లోపమును చూపలేదు. ఇంజను బాగుగా కాగిన పిదప ఆగినది. డ్రైవరు బానెట్టు ఎత్తి పెట్రోలు పంపుపై తడిగుడ్డ వేసినాడు. ఇంటి పెద్దకుమారుడు ట్యాంకు మూత తీసి మరల బిగించినాడు. వెనుక కూర్చున్న తల్లి పైడితల్లి అమ్మవారికి కొబ్బరికాయ మ్రొక్కుకొన్నది. ఆమె మరిది మాత్రము “సల్లారనీండి, అదే కదుల్తాది” అని చెట్టునీడకు పోయి కూర్చున్నాడు. అరగంటకు కారు కదలినది. ఆ ఒక్క కదలికతో నలుగురి నమ్మకములును ఏకకాలమున స్థిరపడినవి. మరుసటి వేసవిలో నలుగురును తమ తమ ఉపాయమునే మరల ప్రయోగింతురు, కారును మరల ఆగుచునే యుండును.

కారు బయలుదేరిన ఆ విజయనగరముననే 1860 నాటి సంస్కృత కళాశాల కలదు. అట్టి విద్యాలయములలో తర్కమునకు మొదటి మెట్టుగా చదువబడు తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడు. ఆ తర్కసంప్రదాయమువారు కారణములను సాధారణములనియు, అసాధారణములనియు రెండుగా విభజించిరి. ఈశ్వరుడు, ఆయన జ్ఞానము, ఆయన ఇచ్ఛ, ఆయన ప్రయత్నము, కార్యముయొక్క ప్రాగభావము, అనగా పుట్టకమునుపటి దాని లేమి, కాలము, దిక్కు, కంటికి కనబడని కర్మఫలమగు అదృష్టము అను నీ ఎనిమిదియు ప్రతి కార్యమునకును సమానముగా కారణములు గనుక సాధారణములు; ఒక్కొక్క కార్యమునకే ప్రత్యేకమైనవి అసాధారణములు. ఈశ్వరేచ్ఛ లేనిదే కారు కదలదనుట ఆస్తికునకు సత్యమే. కాని ఆ ఇచ్ఛ లేనిదే అది ఆగనును ఆగదు. ఆగుటకును కదలుటకును తుల్యముగా నున్న కారణము, ఈ కారు ఈ ఎండలో ఏల ఆగినదను ప్రశ్నకు సమాధానము కాజాలదు. మఱియొక సంగతి నన్ను ఎంతయు ఆలోచింపజేసినది: ఆ ఎనిమిదింటిలో కాలమును కలదు. చల్లారినచో అదే కదలునని కూర్చున్న మరిది, వదినగారి మ్రొక్కును చూచి ఎంత తేలికగా నవ్వినను, ఆమె చెప్పిన సాధారణ కారణమునకు బదులు మఱియొక సాధారణ కారణమును చెప్పినాడే కాని, ఆమెకంటె ఒక్క అడుగైనను ముందునకు పోలేదు. కాలము ఏమియు బాగుచేయదు. కాలములో ఏదియో జరుగును, దానిని కనుగొనవలెను.

కనుగొనుట కారు ఆగియున్న క్షణముననే సాధ్యము. షెడ్డునకు లాగించుకొని పోయిన పిదప ఇంజను చల్లారియుండును, లోపము మాయమై యుండును. సమానధర్మము కనబడి విశేషధర్మము కనబడనపుడు సంశయము కలుగునని శాస్త్రము. ఇచట ఆగుట సమానధర్మము, ఆగిన తీరు విశేషము. పెట్రోలు అందని ఇంజను తడబడి, కుదుపులతో శక్తి సన్నగిల్లి ఆగును. కరెంటు అందనిది ఎక్కువసారులు ఒక్కసారిగా ఆరిపోవును. పెట్రోలు పలు ద్రవముల మిశ్రమము గనుక అందలి తేలికపాటివి 40 డిగ్రీల ప్రాంతముననే మరుగ మొదలిడి, కాగిన పంపులో ఆవిరియై దారిని అడ్డగింపవచ్చును. అట్లయినచో డ్రైవరు తడిగుడ్డ యుక్తమే. మూతలోని గాలిరంధ్రము పూడినచో ట్యాంకులో శూన్యత ఏర్పడి పెట్రోలు రాకుండును. అట్లయినచో మూత తీయగనే గాలి బుస్సుమని లోనికి పోవును. ఇక కాయిలు: బ్యాటరీ ఇచ్చు 12 వోల్టులను వేలకొలది వోల్టులుగా పెంచి ప్లగ్గులకు పంపునది. అందలి సన్నని రాగితీగ చుట్లకు గల పూత ఏండ్ల తరబడి చెడిపోయినచో, కాగినప్పుడు కరెంటు చుట్ల నడుమనే దారి తప్పి స్పార్కు నశించును, చల్లారగనే మరల వచ్చును.

మంచి మెకానిక్కు ప్లగ్గు ఊడదీసి, దాని తీగ తగిలించి, ఇంజను లోహమునకు ఆనించి, సెల్ఫు కొట్టించి చూచును. కనబడదగినది కనబడకపోయినప్పుడే అది లేదని నిశ్చయింపవలెనని, చీకటిగదిలో కుండ కనబడనంత మాత్రమున కుండ లేదనరాదని మన తార్కికులు హెచ్చరించిరి. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉన్న స్పార్కు సైతము కంటికి ఆనదు. అందుచేత అతడు బానెట్టు నీడలో, అరచేయి మరుగుపెట్టి చూచును. శాస్త్రము చదువని ఆ చేతిలో ఆ నియమము అంత శుద్ధముగా నిలిచియుండుట నాకు గౌరవము కలిగించును. స్పార్కు లేదని తేలినచో, ఇంజను ఇంకను కాగియుండగనే మంచి కాయిలును తగిలించి, ఒక్క నిమిషమైనను ఆగక స్టార్టు చేయించును. అప్పుడు కదలినచో కాలమును, తడిగుడ్డయు, మూతయు ఒక్కమారే విచారణనుండి తొలగిపోవును. తరువాత అదే ఎండలో అంతే దూరము నడిపి చూచిన గాని అతడు తన నిర్ణయమును ముగిసినదనుకొనడు.

దృష్టప్రయోజనము దొరకుచుండగా అదృష్టమును కల్పింపరాదనునది మీమాంసకుల నియమము. యజ్ఞమును సర్వస్వముగా నెంచినవారే ఇట్లు శాసించిరి. అయస్కాంతమువైపు సూది కదలుటకు కణాదమహర్షి అదృష్టమే కారణమని సూత్రించినాడు. ఆ నాటికి దృష్టకారణము దొరకలేదు గనుక అట్లనుటలో దోషము లేదు. నేడు ఆ అయస్కాంత శక్తియే కాయిలులో స్పార్కును పుట్టించుచున్నది.

ఇక తల్లి మ్రొక్కు మాట. కారణము కాయిలే అని తేలినచో, చల్లారిన కాయిలు చేసిన పనిని అమ్మవారికి అంటగట్టుట భక్తియని నేను అంగీకరింపను; ఏలయన, కదలికకు ఆమెను కర్తగా నిలిపినవాడు, కారు మరల ఆగిననాడు ఆమెనే దోషిగా నిలుపవలసి వచ్చును. ఎండలో, పరాయిచోట, పిల్లలతో చిక్కుకొన్న స్త్రీ అమ్మవారిని తలచుకొనుటకు కారు కదలిక ఋజువు కానక్కరలేదు, ఫలము కానక్కరలేదు. అట్లయినచో ఈశ్వరునకు మిగిలిన చోటేది అని అడుగువారున్నారు. న్యాయకుసుమాంజలి రచించి ఈశ్వరుని సాధించిన ఉదయనుడు, మనకు కారణము తెలియని మూలలలో ఆయనను వెదకలేదు. జగత్తు కార్యము, కార్యమునకు కర్త ఉండవలెను అని సమస్త జగత్తును ముందుంచుకొని అనుమానము చేసినాడు. కాయిలు, దాని చెడిన పూత, దానిని మార్చిన చేయి, మూడును ఆ జగత్తులోనివే. కనుక ఆ తల్లి విజయనగరము తిరిగిచేరి కొబ్బరికాయ కొట్టవచ్చును. కుమారుడు కాయిలు మార్పింపవచ్చును. ఒకరి పనికి మఱియొకరు క్షమాపణ చెప్పుకొనవలసిన పని లేదు.