జెండాకి ఉద్వాసన

ఆగస్టు రెండో వారం వచ్చిందంటే తిరుపతి గాంధీరోడ్డులో కాగితాల కొట్ల ముందు ఆడవాళ్ళ గుంపు చూడాలి. చీరల కొట్లో కూడా రంగు దగ్గిర అంత పట్టుదల పట్టరు. కాషాయం కాగితం అడిగితే కొట్టతను గులాబీరంగు తీసి చూపిస్తాడు. "ఇది కాదు నాయనా" అంటే, "దగ్గిర దగ్గిర అదేలేమ్మా" అంటాడు. దేశభక్తిలో దగ్గిర దగ్గిర అనేది ఒకటి వుంటుందా?

అనుభవం వున్న తల్లులు ఇట్లా ముందే కొనిపెట్టుకుంటారు. తక్కినవాళ్ళ సంగతి మీకు తెలిసిందే. పిల్లాడు సాయంత్రమంతా ఆడుకుని, అన్నం తిని, పక్కమీద వాలి, రాత్రి తొమ్మిదింటికి గుర్తు తెచ్చుకుంటాడు. "అమ్మా, రేపు జెండా చేసుకు రమ్మంది మిస్సు." ఆ 'రేపు' అన్న మాటతో భారతదేశం బరువంతా వచ్చి ఆ ఇల్లాలి నెత్తిన పడుతుంది.

కంగారు పడక్కర్లేదు. కావలసినవన్నీ వంటింట్లోనే వున్నాయి. తొమ్మిది అంగుళాల పొడవు, ఆరంగుళాల వెడల్పు తెల్లకాగితం తీసుకోండి. జెండా కొలత మూడుకి రెండు కాబట్టి సరిగ్గా సరిపోతుంది. దాన్ని ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు పెడితే రెండేసి అంగుళాల పట్టీలు మూడు వస్తాయి. పసుపు నీళ్ళలో సున్నం రవ్వంత కలిపితే కాషాయం. ఎక్కువైతే పారాణి అయిపోతుంది, జాగ్రత్త. చిక్కుడాకులు నలిపితే ఆకుపచ్చ. మధ్యపట్టీకి ఏ ఖర్చూ లేదు, కాగితం తెలుపే చాలు. చక్రానికి బట్టలకి పెట్టే నీలిమందు ఒక్క చుక్క. పుల్లకి దూది చుట్టి దారం కడితే కుంచె. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళ కలం కూడా ఇంచుమించు ఇంతే, వెదురుపుల్లకి గుడ్డో ఉన్నో చుట్టి కట్టిందే. అతికించడానికి మైదా ఉడికించిన జిగురు. ఇక జెండాకర్రకి ఈనెల పొరకలోంచి లాగిన ఒక్క పుల్ల.

"పొరకపుల్లా! జెండాకా!" అని మా అత్తగారు ముక్కున వేలేసుకున్నారు. ఆవిడ అభ్యంతరం చిన్నదేం కాదు. దాని సంగతి చివర్లో చూద్దాం.

చేతిపని ఇంత సులువు. చిక్కల్లా అది ఎవరి చేతిపని అన్న దగ్గిర వస్తుంది. ఒకటో తరగతి పిల్లల జెండాలన్నీ గోడకి అతికించి వుంటే ఒక్కసారి నిదానంగా చూడండి. ఏ జెండా ఏ తల్లి చేసిందో చెప్పెయ్యచ్చు. అంచులు కత్తిరించిన తీరు చూస్తే కుట్టుమిషను తెలిసినావిడ, చక్రం చూస్తే లెక్కల టీచరమ్మ. ఎక్కడో మూలన వొకటి వుంటుంది. పచ్చరంగు తెలుపులోకి పాకి, చక్రం కోడిగుడ్డు ఆకారంలో సాగి వుంటుంది. అది మాత్రం పిల్లవాడే చేశాడు. బహుమతి దానికి రాదు.

బహుమతి రాకపోతే పోయిందేమీ లేదు. కానీ బహుమతి వచ్చిన పిల్లవాడు ఆ పూట ఏం నేర్చుకున్నాడు? "ఇది నేనే చేశాను" అని నలుగురిలో చెప్పడం నేర్చుకున్నాడు. సింహాల బొమ్మ కింద సత్యమేవ జయతే అని రాసుకున్న దేశం మనది. ఆ దేశం పండగపూట పిల్లవాడు చేసే మొదటి పని అబద్ధమాడటం, దానికి సాయం పట్టేది కన్నతల్లి! నాకైతే కోడిగుడ్డు చక్రమే నయమనిపిస్తుంది.

"మరి ఆకులు ఇరవైనాలుగు వుండాలి కదా, వాడు పదకొండే గీశాడు, తప్పు కాదా?" అంటారు. లెక్క నేర్పండి, గియ్యకండి. గడియారం బొమ్మ వేయించండి. పన్నెండు అంకెలకి పన్నెండు గీతలు, ఒక్కొక్క సందులో ఇంకొక్క గీత. ఇరవైనాలుగూ వచ్చేస్తాయి. గంటలు చూడటం కూడా వచ్చేస్తుంది. అయిదేళ్ళవాడికి అంత ఓపిక లేకపోతే పదకొండు దగ్గిరే ఆగనివ్వండి. స్కూలు కంబం మీద ఎగిరే జెండా కొలతల ప్రకారం వుండాలి, దానికి పెద్దవాళ్ళున్నారు. వాడి చేతిలోది ఇంకా అభ్యాసమే. వచ్చే ఏడాది పదహారు గీస్తాడు.

అసలు మన జెండా పుట్టుక మాత్రం ఏమంత తాపీగా జరిగింది గనక! 1921లో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు కమిటీ సమావేశం జరుగుతోంది. బందరు ప్రాంతంవాడైన పింగళి వెంకయ్యగారిని, ఎరుపూ ఆకుపచ్చల మీద రాట్నం వేసి ఒక నమూనా ఇమ్మని గాంధీగారు అడిగారు. వెంకయ్యగారు మూడు గంటల్లో చేసిచ్చేశారు. అయినా సమావేశంలో పెట్టడానికి కాస్త ఆలస్యమే అయిందట! రాత్రి తొమ్మిదింటికి జిగురు ఉడికించే తల్లులకి ఇంతకంటే ఊరట ఏం కావాలి? కాకపోతే ఒక్క తేడా వుంది. వెంకయ్యగారు 1916లోనే ముప్పై దాకా జెండా నమూనాలతో పుస్తకం వేశారు. ఆ మూడు గంటల వెనకాల అయిదేళ్ళ పైబడిన ఆలోచన వుంది. తరవాత గాంధీగారి ఆలోచన మీద తెలుపు చేరింది. 1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది. 1947 జూలై 22న రాజ్యాంగసభ ఆమోదించేనాటికి రాట్నం స్థానంలో అశోకచక్రం వచ్చింది. అంటే జెండా కూడా దిద్దుకుంటూ దిద్దుకుంటూ వచ్చిందే.

మన మదనపల్లెనే తీసుకోండి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు అక్కడి బిసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు 'జనగణమన' పాడారు, అక్కడే ఇంగ్లీషులోకి మార్చారు. ఆ వరసకి స్వరం రాసి పెట్టింది మార్గరెట్ కజిన్స్ అనే ఒక ఇల్లాలు, కాలేజీ ప్రిన్సిపాలుగారి భార్య. ఇవాళ లేచి నిలబడి వందనం చేసేవన్నీ ఒకప్పుడు ఎవరో కూచుని చేత్తో చేసినవే.

సరే, ఇదంతా పదిహేనో తారీకు కథ. పాటలయ్యాయి, ఉపన్యాసాలయ్యాయి, పిల్లలకి చాకొలెట్లు పంచారు. అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. అసలు ప్రశ్న పదహారో తారీకు పొద్దున వస్తుంది.

ఆ పొద్దున మా వీధి వూడ్చే ఆమె పొరక పక్కన పెట్టి నిలబడివుంది. చేతిలో ఏడెనిమిది కాగితం జెండాలు. కొన్ని తొక్కుడు పడ్డాయి, ఒకటి కాలవ అంచున తడిసిపోయింది. "అక్కా, వీటిని యాడ వేసేది? చెత్తబండిలో వేస్తే తప్పంటారు. ఇంటికి తీసకపోదామంటే మాది ఒక గదే. నేనెన్నని దాచేది?" అంది.

ఆమె అడిగినదానికి ఏం చెప్పాలో మీరే ఆలోచించండి. ఆ జెండాలు చేసింది మన పిల్లలు. చేయించింది మనం. ఎగరేసి సంతోషపడింది, ఫోటోలు తీసుకుంది మనం. ఇప్పుడు వాటిని అవమానించకుండా చూసే బాధ్యత మాత్రం, తెల్లారకుండా లేచి వీధిలోకి వచ్చే ఆమెది. భక్తి మనది, దోషం ఆమెదా?

రాసిపెట్టిన నియమం వుంది. 2002 జనవరి 26 నుంచి అమలులో వున్న జెండా నియమావళిలో ఈ మాట స్పష్టంగానే వుంది. పండగలకీ ఆటలకీ జనం చేతపట్టే కాగితం జెండాలని పని అయ్యాక నేలమీద పారెయ్యకూడదు. మర్యాద చెడకుండా, నలుగురి కళ్ళా పడకుండా తీసెయ్యాలి. ప్లాస్టిక్ జెండాలనైతే 2022 జూలై 1 నుంచి నిషేధించిన వస్తువుల్లోనే చేర్చారు. ఆ ఏడాదే ఇంటింటా జెండా అన్నారు. అంతకు కొన్ని నెలల ముందు, 2021 డిసెంబరులో, మిషను మీద చేసిన పాలియెస్టరు జెండాలకి కూడా అనుమతి వచ్చింది. అంతవరకూ గుడ్డజెండా అంటే చేత్తో వడికి చేత్తో నేసిందే. ఇంటిమీద గౌరవంగా జెండా ఎగరెయ్యడం పౌరుడి హక్కు అని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. హక్కు ఇంటింటికీ వచ్చింది, దానితోపాటు పదహారో తారీకు కూడా ఇంటింటికీ వచ్చింది.

ఈ విషయం మన ఆడవాళ్ళకి వేరే ఎవరో నేర్పాలా? ప్రతి పూజలోనూ పసుపు ముద్ద చేసి గణపతి అంటాం. దణ్ణం పెడతాం, బెల్లంముక్క నైవేద్యం పెడతాం. అయ్యాక ఆ పసుపుని ఊరికే పారబొయ్యం. ఉద్వాసన చెప్పి, ఈశాన్యానికి కాస్త కదిపి, ఎవరూ తొక్కనిచోట నీళ్ళలో కలుపుతాం. చవితినాటి మట్టి వినాయకుడికీ అంతే. చెయ్యడం ఎంత ముఖ్యమో సాగనంపడం అంత ముఖ్యం. తురకల ఇళ్ళలో ఖురాను పాత కాగితమైనా చెత్తలో కలపరు. శుభ్రమైనచోట పూడ్చిపెడతారు. మట్టల ఆదివారం నాటి మట్టలని దాచి, మరుసటేడు భస్మబుధవారానికి కాల్చి ఆ బూడిదే నుదుట పెట్టుకునే క్రైస్తవులున్నారు. ఇక మన కొండమీద సంగతి చెప్పనే అక్కర్లేదు. తిరుమలలో స్వామికి పెట్టిన పూలు ఎవరూ తల్లో తురుముకోరు. వాటిని పూలబావిలో వెయ్యడం ఆనవాయితీ. దేవస్థానంవారు 2021లో వాడిన పూలతో అగరుబత్తీలు చేయించడం మొదలుపెట్టారు. ఎండబెట్టిన పూలరేకులతో పటాలు కూడా చేయించారు. వాడిపోయినదాన్ని ఎట్లా గౌరవించాలో ఇంత తెలిసిన ఊళ్ళో, కాగితం జెండా కాలవలో తేలుతుందంటే అది తెలియక కాదు. ఆ కాగితం మనది అని అనిపించక.

"పిల్లలాటకి ఇంత శాస్త్రమా వదినా? ఇట్లా భయపెడితే వాళ్ళు జెండానే ముట్టుకోరు" అంది మా ఎదురింటావిడ. ఆ మాటలో నిజం లేకపోలేదు. "కిందపడితే పోలీసులు వస్తారు" అని బెదిరిస్తే పిల్లవాడికి జెండా మీద ప్రేమ కలగదు, బెత్తం మీద కలిగినట్టే భయం కలుగుతుంది. అయితే భయం వేరు, బాధ్యత వేరు. ఆటయ్యాక బొమ్మలు పెట్టెలో సర్దుకోమంటాం. అది భయపెట్టడమా? నువ్వు చేసిన వస్తువు నీదే, దాని మంచీచెడ్డా నీదే అని చెప్పడం అంతే.

ఇంకొక్క చిక్కు ముగ్గులది. పంద్రాగస్టున వాకిట్లో మూడు రంగులతో జెండా ముగ్గు వేస్తున్నారు చాలామంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ జెండా నేలని తాకకూడదని కదా నియమం. పాలబ్బాయి వస్తాడు, కుక్క వస్తుంది, మన పిల్లలే తొక్కుతారు. జెండా వేరు, రంగులు వేరు. రంగులు అందరివీ. ఆ మూడు రంగులతో తామరపువ్వో నెమలో వెయ్యండి, ఎవరు తొక్కినా బాధ వుండదు. బంతిపూలూ మల్లెలూ మరువమూ కలిపి పిల్లచేత మాల కట్టించండి, గుమ్మానికి వెయ్యండి. జెండాని మాత్రం జెండాగానే వుండనివ్వండి. తోరణం చెయ్యకుండా, దిండుగలీబు మీద కుట్టకుండా.

అందుకని నా మాట ఇది. పిల్లలతో ఎన్ని జెండాలు చేయించారని ఎవరూ లెక్కపెట్టరు. మర్నాడు చూసుకోగలిగినన్నే చేయించండి. పిల్లవాడికి ఒకటి చాలు. వాడి చేత్తోనే చేయించండి, పదహారు పొద్దున వాడి చేత్తోనే పుల్లనుంచి విడదీయించండి. బాగుంటే అట్లాసులోనో పెద్ద పుస్తకంలోనో మడతపడకుండా పెట్టి జనవరి 26కి తియ్యమనండి. పసుపురంగు అప్పటికి కాస్త వెలిసివుంటుంది, మళ్ళీ ఒక పూత పూస్తాడు. చిరిగిపోతే పెరట్లో ఒక మూల, ఎవరూ లేనప్పుడు, మీరు దగ్గిర వుండి కాల్చి బూడిద పూలకుండీలో కలపండి. చిరిగినదాన్ని కాల్చడం అవమానం కాదు, నియమావళి చెప్పే మర్యాదే అది. ఆ నిమిషం పిల్లవాడు తప్పకుండా ఏదో ఒకటి అడుగుతాడు. పదిహేనో తారీకు ఉపన్యాసం విని వాడేమీ అడిగివుండడు.

ఇక మా అత్తగారి పొరకపుల్ల. జెండా విప్పేశాక దాన్ని కడిగి మళ్ళీ పొరకలోనే దూర్చెయ్యచ్చు. దానికేం అవమానం లేదు. పదిహేనున జెండా మోసింది, పదహారున వీధి వూడుస్తుంది. రెండిట్లో ఏది పెద్దపనో మా వీధి వూడ్చే ఆమెని అడగండి.