మిస్వాక్ పట్టిన చేయి, గార పట్టిన పళ్ళు

వుజూలో చేతులు కడిగిన వెంటనే మనం చేసే పని నోరు పుక్కిలించటం. ఒక్కో వుజూకు మూడుసార్లు చొప్పున, ఐదు పూటలకూ కలిపి రోజుకు పదిహేనుసార్లు నీళ్ళు మన నోటిని తాకుతాయి. ఇంతటి ఏర్పాటు ఉన్న సమాజంలో పళ్ళ జబ్బులు అరుదుగా ఉండాలి. మన ఇళ్ళలో పరిస్థితి అలా ఉందా? ఒకసారి నిజాయితీగా ఆలోచిద్దాం.

ప్రజలకు కష్టమవుతుందన్న సంకోచమే లేకపోతే ప్రతి నమాజుకూ మిస్వాక్ చేయమని దైవప్రవక్త (స) ఆదేశించి ఉండేవారు. ఈ విషయం బుఖారీ, ముస్లిం రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉంది. ఆయన ఇంట్లోకి రాగానే మొదట ఏం చేసేవారని అడిగినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) మిస్వాక్ అనే జవాబిచ్చారు. అంటే నోటి శుభ్రత మస్జిదుకే కాదు, ఆలుబిడ్డల హక్కు కూడా. అంతిమ ఘడియల్లో సయితం ఆయన చూపు అబ్దుర్రహ్మాన్ బిన్ అబూబక్ర్ (రజి) చేతిలోని మిస్వాక్ మీద నిలిచింది. హజ్రత్ ఆయిషా (రజి) దాన్ని తీసుకుని, నమిలి మెత్తజేసి ఆయనకు అందించారు.

ఈ హదీసులు మనకు కొత్తవి కావు. చిన్నప్పటి నుంచీ వింటున్నవే. అయినా మా ఇంటి సంగతే ఇక్కడ చెప్పుకోవలసి వస్తోంది.

మా ఖాలా ఒకామె ముప్ఫయ్యేళ్ళపాటు వీధిలోని ఆడపిల్లలకు ఖాయిదా నేర్పింది. అసర్ తర్వాత వరండాలో చాప పరిచేది. పిల్లలు వరుసగా కూర్చునేవారు. అక్షరం పలకటంలో ఆమె చాలా పట్టుదల మనిషి. ‘సీన్’ వేరు, ‘సా’ వేరు అని పిల్లల నోటి దగ్గర వేలు పెట్టి మరీ చూపించేది. ఆమెకు షుగరు ఉంది. చిగుళ్ళ నుంచి రక్తం వచ్చేది. ఉప్పు నీళ్ళు పుక్కిలించేది, లవంగం పెట్టుకునేది. ఎవరైనా డాక్టరు మాట ఎత్తితే, “ఈ వయసులో పరాయి మగవాడి ముందు నోరు తెరవమంటారా?” అనేది. మేము కూడా గట్టిగా అడగలేదు. ఇది మా తప్పే. మూడు నాలుగేళ్ళలో ముందు పళ్ళు ఒక్కొక్కటే కదిలి ఊడిపోయాయి.

తజ్వీదు తెలిసిన వారికి తర్వాత జరిగింది చెప్పనక్కరలేదు. ‘సా’, ‘జాల్’, ‘జా’ అక్షరాలకు నాలుక కొన పై ముందు పళ్ళ అంచును తాకాలి. ‘ఫా’కు కింది పెదవి అదే అంచును తాకాలి. ఆ అంచే లేకపోతే? ఒకరోజు ఒక చిన్న పిల్ల ఆమె పలికినట్టే తప్పుగా పలికింది. ఖాలా దిద్దబోయి ఆగిపోయింది. మరుసటి రోజు నుంచి చాప పరచలేదు.

ఇంతకూ ఆమె పళ్ళు పుచ్చిపోలేదు. డాక్టరు చూసి చెప్పిన కారణం గార. మనం తిన్న తర్వాత పళ్ళ మీద జిగటగా ఒక పొర చేరుతుంది. కంటికి సరిగా కనపడదు. అది సూక్ష్మజీవుల పొర. మిస్వాక్‌తోనో బ్రష్షుతోనో రోజూ రుద్దితే పోతుంది. రుద్దనిచోట, ముఖ్యంగా కింది ముందు పళ్ళ లోపలివైపు, దవడ పళ్ళ వెనక, లాలాజలంలోని ఖనిజాలు చేరి ఆ పొర గట్టిపడుతుంది. గట్టిపడ్డ తర్వాత దాన్ని ఏ మిస్వాకూ, ఏ పేస్టూ కదిలించలేవు. గరుకుగా ఉన్న ఆ గార మీద కొత్త పొర మరింత సులువుగా పట్టి చిగురు కిందకు దిగుతుంది. చిగురు వాస్తుంది, రక్తం వస్తుంది. పట్టించుకోకపోతే పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. చాలామందికి ఇదంతా నొప్పి లేకుండానే జరుగుతుంది. షుగరు ఉన్నవారికి మరీ త్వరగా జరుగుతుంది. చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగరు అదుపులోకి రావటమూ కష్టమే.

కాబట్టి మిస్వాక్ గారను రానివ్వకుండా చూస్తుంది. వచ్చి గట్టిపడిన గారను తీయటానికి పనిముట్టు తెలిసిన చేయి కావాలి. ఈ తేడా తెలియకనే కొందరు సోదరులు “మేము సున్నతు పాటిస్తున్నాం, మాకు డాక్టరెందుకు?” అంటారు. చికిత్స చేయించుకోమని చెప్పిందీ ఆ ప్రవక్తే (స) కదా! అల్లాహ్ ఏ రోగాన్నీ దాని నివారణ లేకుండా దించలేదన్న హదీసు కూడా మనం విన్నదే.

పళ్ళు గీకించటం ఇంగ్లీషు వైద్యుల కొత్త పోకడ అనుకునేవారికి ఒక సంగతి చెప్పాలి. వెయ్యేళ్ళ క్రితం ముస్లిం స్పెయిన్‌లోని ఖుర్తుబా నగరం దగ్గర అబుల్ ఖాసిం అజ్జహ్రావీ (రహ్మలై) అనే గొప్ప శస్త్రవైద్యుడు ఉండేవారు. ‘అత్తస్రీఫ్’ పేరుతో 30 భాగాల వైద్య గ్రంథం రాశారు. అందులో పళ్ళ గార గురించి ప్రత్యేకంగా వివరించారు. గార పంటి లోపలా బయటా, చిగుళ్ళ మధ్యా పేరుకుంటుందని, పంటి రంగు మారుతుందని, చెడు చిగుళ్ళకు పాకుతుందని రాశారు. రోగి తలను ఒళ్ళో పెట్టుకుని గారను పూర్తిగా గీకివేయాలని, ఒక్కరోజులో పని కాకపోతే మరునాడు, ఆ మరునాడు కూడా చేయాలని సూచించారు. అందుకు కావలసిన 14 రకాల గీకుడు పనిముట్ల బొమ్మలు కూడా గీశారు. ఆ గ్రంథం 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి అనువాదమై ఐరోపా వైద్యులకు శతాబ్దాలపాటు పాఠ్యగ్రంథమయింది. మన పెద్దలు లోకానికి నేర్పిన పనికి మనమే భయపడుతున్నాం!

భయాల్లో ప్రధానమైనది, క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్నది. ఇది సగం చూసి చెప్పే మాట. ఎముక అప్పటికే కరిగిపోయి, పళ్ళు గారను ఆసరా చేసుకుని నిలబడి ఉంటాయి. గార తీసేసరికి అసలు స్థితి బయటపడుతుంది. పళ్ళ మధ్య సందులు కనిపించటం, కొద్దిరోజులు చల్లనివి తాకితే జివ్వుమనటం కూడా ఇందువల్లే. వదిలేసిన గార పళ్ళను కాపాడదు, ఊడగొడుతుంది. మామూలుగా ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చూపించుకోవాలి. షుగరు ఉన్నవారు, గర్భిణులు ఎప్పుడెప్పుడు రావాలో డాక్టరునే అడగాలి. స్త్రీలు లేడీ డాక్టరు దగ్గరకు వెళ్ళవచ్చు. ఈరోజుల్లో పళ్ళ డాక్టర్లలో ఆడవాళ్ళకు కొదవ లేదు. ఖర్చుకు వెనకాడేవారికి హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి.

చిగుళ్ళ రక్తాన్ని చిన్న విషయంగా తీసుకునేవారు వుజూ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. హనఫీ ఫిఖహ్ ప్రకారం ఉమ్మిలో రక్తం పాలు ఎక్కువై ఎర్రగా వస్తే వుజూ పోతుంది. ఏళ్ళ తరబడి వుజూ చేసి, ఉమ్మి ఎర్రబడితే మళ్ళీ చేస్తూ, అసలు జబ్బును మాత్రం అలాగే ఉంచుకునేవారిని మేము చూశాం. ఇక గుట్కా, ఖైనీ, జర్దా కిళ్ళీ నోట పెట్టుకుని మిస్వాక్ జేబులో పెట్టుకునే వారితో ఏం చెప్పాలో మాకు తోచదు. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్న వాసనతోనే మస్జిదుకు రావద్దన్నారు కదా!

రమజానులో క్లీనింగ్ చేయించుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1997లో ఈ సమస్యను పరిశీలించింది. గొంతులోకి చేరినదాన్ని మింగకుండా జాగ్రత్తపడితే పళ్ళు శుభ్రం చేయించుకోవటం వల్ల ఉపవాసం భంగం కాదని తీర్మానించింది. అయితే ఆ పనిలో నీళ్ళు ధారగా వస్తాయి, రక్తమూ వస్తుంది. మింగకుండా ఉండటం అందరికీ సాధ్యం కాదు. కనుక షాబాన్ నెలలోనే ఆ పని ముగించుకోవటం, లేదా ఇఫ్తార్ తర్వాత వెళ్ళటం క్షేమం.

మా ఖాలా కూడా ఒక షాబాన్ నెలలోనే ఆస్పత్రికి వచ్చింది. మిగిలిన పళ్ళకు గార తీశారు, చిగుళ్ళు మానాక ముందు పళ్ళు కట్టారు. కట్టుడు పళ్ళతో ‘సా’ పలకటానికి ఆమెకు రెండు నెలలు పట్టింది. ఇప్పుడు మళ్ళీ చాప పరుస్తోంది. కాకపోతే కొత్తగా చేరిన పిల్లను ముందు నోరు తెరవమంటుంది, ఖాయిదా ఆ తర్వాతే.