ఆ ఫోటో గ్రూపులో ఎందుకు నాయనా?

ఇట్లా అరుగు మీద కూర్చో నాయనా. ఉపాధి పనికాడ మేటువు నువ్వు. పూటపూటకీ కూలోళ్ల ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాల. 2023 జనవరి నుంచి దాదాపు అన్ని పనులకూ అది తప్పనిసరి చేసినారు, అందులో నీ తప్పేం లేదు. అదే ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులో కూడా రోజూ వేస్తున్నావే, అదీ నేనడిగేది. పని జరుగుతోందని పదిమందికీ తెలియాలని నీ తాపత్రయం. మంచిదే. రోజూ ఎందుకు?

ఒక్కరోజు ఫోటోలో ఏమీ ఉండదు. రోజూ వేస్తే చాలా ఉంటుంది. శెనక్కాయ చేలో వదిలేసిన కాయ మనకు లెక్కలేదు. వెనకాల ఏరుకునేవాళ్లకు సాయంత్రానికి ఒడి నిండుతుంది. ఏ యింటికి పొద్దున తాళం పడుతుందో, వారంవారం మంగళవారం ఏ ఆడమనిషి రావడంలేదో, గ్రూపు చూస్తూ కూర్చున్నోడికి తెలిసిపోతుంది. ఆసుపత్రికి పోతోందా, ఏం జబ్బు అంటారు. ఇంట్లో పెళ్లికెదిగిన బిడ్డ ఉంటే ఆ మాట ఎంతదూరం పోతుందో నీకు చెప్పాల్నా?

లెక్కలు దాచమనడంలేదు నేను. ఈ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైందే మన నార్పల మండలం బండ్లపల్లిలో. గ్రామసభలో మస్టర్లు చదివి వినిపించబట్టే, పనికి రానోళ్ల పేరు మీద కూలి తిన్నోళ్లు దొరికినారు. పని, దినాలు, కూలి చదవాల్సిందే. అంతకుమించి ఒక్క ముక్క వద్దు.

2017లో ఏమైంది? మన రాష్ట్రంలో ఉపాధి కూలి చెల్లింపులు ఏరోజుకారోజు చూపించే సర్కారు పేజీ, చంద్రన్న బీమా పేజీ, కేంద్రానివి ఇంకో రెండు, ఈ నాలుగింట్లో కలిపి 13 కోట్ల పైచిలుకు ఆధార్ నంబర్లు బయటపడి ఉంటాయని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ లెక్కకట్టింది. బ్యాంకు ఖాతాలు కూడా. ఎవరూ కన్నం వేయలేదు నాయనా, జనానికి లెక్క తెలియాలని పెట్టిన పేజీలే అవి. నీ మాదిరే, మంచికే పెట్టినారు. అదే ఏడాది ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పింది. మన కూలోళ్లకూ ఉంది ఆ హక్కు.

కాబట్టి యాప్‌కు పోవాల్సింది యాప్‌కే పోనీ. గ్రూపులో వేయాలంటే తవ్విన కుంట ఫోటో వెయ్యి, ఎన్ని అడుగులు తవ్వినారో రాయి. మనుషులు వద్దు. పాతవి కూడా తీసెయ్యి. కొందరి ఫోన్లలో ఉండిపోయేవి ఎట్లాగూ ఉంటాయి, అందుకే ఆలస్యం చేయొద్దు. రేపు పనికాడ అందరూ ఉన్నప్పుడు చెప్పు, ఇన్నాళ్లూ మిమ్మల్ని అడక్కుండా వేసినాను, ఇకమీదట వేయనని.