పిట్ట కన్ను, చెట్టు

కొండదారిలో సైకిల్ మీద కిందికి దిగడం నేర్పేవాళ్లు మొదట చెప్పే మాట ఒకటే: ఎటు వెళ్లాలో అటే చూడు, చెట్టుకేసి చూశావంటే చెట్టుకే గుద్దుకుంటావు. ఇది బెదిరింపు కాదు, ఒళ్లు పనిచేసే తీరే అంత. కళ్లు ఎటు పోతే తల అటు, తల వెంట భుజాలు, భుజాల వెంట హ్యాండిల్, ఆఖరికి ముందు చక్రం. రెండు ఓక్ మానుల సందులోంచి దూరాలంటే ఆ రెండు మానులూ కంటికి ఆనకూడదు, సందు మాత్రమే కనబడాలి. తొక్కడం బాగా వచ్చేకొద్దీ అడవి కనబడటం తగ్గిపోతుంది. ఈ సంగతే కొన్నేళ్లుగా నన్ను తొలుస్తోంది. ఆదివారం సాయంత్రం ఇంటికి చేరి, రోజంతా అడవిలో గడిపానని చెబుతాను. నిజంగా గడిపానా?

నేనుండేది జర్మనీ నైరుతి మూలన, ష్టుట్‌గార్ట్‌కూ కార్ల్స్‌రూహెకూ నడుమ. ఇక్కడ ష్ట్రోంబెర్గ్, హాయిషెల్‌బెర్గ్ అని రెండు గుట్టల వరసలున్నాయి. ఎత్తు ఐదు వందల మీటర్లు కూడా దాటదు. ఎండ తగిలే దక్షిణపు వాలంతా ద్రాక్ష, దాని నెత్తిన అడవి, కింద లోయల్లో చెరువులు. 1147లో వెలసిన మౌల్‌బ్రోన్ మఠం ఇక్కడే ఉంది. ఆ సన్యాసులు చేపల కోసం వాగులకు అడ్డంగా కట్టలు వేశారు. మన కాకతీయుల చెరువుల్లాగే వాటిలో కొన్ని ఇప్పటికీ నిండుతున్నాయి. ఒక్క పూటలో చెరువు కట్ట మీంచి బయల్దేరి, ద్రాక్ష వరసల మధ్య ఎక్కి, అడవిలో పడి, అవతలి వాలున దిగొచ్చు. చూసేవాళ్లకు అంత అందమైన దారి ఉండదు. చూసేవాళ్లకు.

ద్రోణుడి పరీక్ష మనకు ఉగ్గుపాలతో పోసిన కథ. చెట్టూ, తమ్ముళ్లూ, గురువూ అందరూ కనబడుతున్నారన్న ధర్మరాజును పక్కకు పొమ్మన్నాడు. పిట్ట కన్ను తప్ప ఏదీ కనబడటం లేదన్న అర్జునుడికి శభాష్ అన్నాడు. ఆనాటి నుంచి చదువుకునే పిల్లల ముందు ఆ అర్జునుణ్ణే నిలబెడుతున్నాం. నాకు ఆ కథ మీద కోపం వస్తోంది. అసలు కథలో కొమ్మ మీద ఉన్నది ప్రాణమున్న పిట్ట కాదు, పనివాళ్ల చేత చేయించి పెట్టిన బొమ్మ. అక్కడ ప్రాణమున్నది చెట్టుకే. ప్రాణమున్నదాన్ని చూసినవాడు తప్పాడు, బొమ్మ కన్ను చూసినవాడు నెగ్గాడు. ఆ నెగ్గినవాడే పెద్దయ్యాక ఖాండవ వనం తగలబడుతుంటే, పారిపోయే ప్రాణులు బయటపడకుండా బాణాలతో కాపలా కాశాడు. ఆ చూపుకూ ఆ మంటకూ సంబంధం లేదని నన్ను ఎవరైనా ఒప్పించగలిగితే సంతోషిస్తాను.

పోనీ ధర్మరాజు పక్షం చేరదామంటే ఒళ్లు ఒప్పుకోదు. దిగుతున్నప్పుడు కంటికి కనబడని అడవి చేతులకూ పాదాలకూ తెలుస్తూనే ఉంటుంది. ద్రాక్షతోటల దగ్గరి బంకమన్ను వాన పడితే టైరు గాళ్లన్నీ పూడ్చేసి చక్రాన్ని జారిస్తుంది. పైకి వెళ్లేసరికి ఇసుకరాయి గరగరమంటూ పట్టు ఇస్తుంది. బీచ్ చెట్ల కింద నేల మెత్తన. ఓక్ ఆకులు రాలిన చోట కింద వేరు ఉందో రాయి ఉందో ముందు చక్రం ఎక్కేదాకా తెలియదు, ఎక్కిన క్షణంలోనే తెలుస్తుంది. నడిచేవాడి బూటుకు ఇంత వివరంగా నేల తెలుస్తుందని నేననుకోను. మరి ఇది చూడటం కాదా?

అలా అనుకుని కొంతకాలం స్థిమితపడ్డాను. ఆ తర్వాత అందులోనూ లొసుగు కనబడింది. వేరు గురించి నాకు తెలిసిందల్లా అది నన్ను పడదోస్తుందా లేదా అన్నదే. చెట్టుకు అది నోరు. నేను చదివిన అడవంతా నా మోకాళ్లకు ఏమవుతుందన్న లెక్కలో చదివిందే. అర్జునుడికి పిట్ట కన్ను, నాకు నా మెడ. తేడా ఏముంది?

ఒక ఫిబ్రవరి చివర, తోటల మధ్య ఎక్కుడు దారిలో ఊపిరి అందక ఆగాను. పక్క వరసలో ఒక పెద్దావిడ ద్రాక్ష కత్తిరిస్తోంది. ఇక్కడ ద్రాక్షకు చలికాలం నిద్ర, కత్తిరింపు ఏడాదికి ఒకసారే. పోయినేటి కొమ్మల్లో చాలావాటిని కోసేసి, ఒకటో రెండో ఉంచి, తర్వాత వాటిని వంచి తీగకు కడతారు. ఆవిడ ఒక్కో మొదలు దగ్గర నిలబడి, ఏది ఉంచాలో కాసేపు చూసి, కత్తెర వేసి, పక్క మొదలు దగ్గరికి జరుగుతోంది. కింద మంచు విడిపోయి చెరువు మెరుస్తోంది. నేనక్కడ నిలబడ్డంతసేపూ ఆవిడ ఒక్కసారి కూడా అటు చూడలేదు. లోకంలో ఆవిడకు ఆ నిమిషాన ఉన్నది ఒక్క కొమ్మ, దాని మీది మొగ్గలు.

అక్కడే మా నాయిన గుర్తొచ్చాడు. మేడ్చల్ దగ్గర మాకు అనాబ్-ఇ-షాహీ ద్రాక్షతోట ఉండేది. మన ఎండలకు ద్రాక్ష నిద్రపోదు. అందుకని ఏడాదికి రెండు కటింగులు, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి. తోట మొత్తం పందిరి మీదే. నాయిన ఎప్పుడూ మెడ పైకెత్తే ఉండేవాడు. తలెత్తి కొయ్యడం, తలెత్తి కట్టడం, తలెత్తి గుత్తులు పలచన చేయడం. ఆదివారాల్లో పట్నం నుంచి చుట్టాలు వచ్చి పందిరి కింద చాపలు పరుచుకుని, ఎంత చల్లగా ఉందో, ఎంత అందంగా ఉందో అని మురిసిపోయేవాళ్లు. వాళ్లకు తోట కనబడేది. నాయినకు ఫలానా వరసలో ఫలానా చెట్టు కనబడేది, దాని ఆకు మీద మచ్చ కనబడేది. తోట అందంగా ఉందని ఆయన అనగా నేను వినలేదు.

చిన్నప్పుడు ఒకసారి అడిగాను, రోజూ ఇవే చెట్లు చూస్తే విసుగు రాదా అని. "చెట్టు రేపు గూడ ఆడ్నే ఉంటది బిడ్డా. నేను గూడ రావాలె గద" అన్నాడు. అప్పుడది జవాబే కాదనిపించింది.

కాబట్టి ఇరుకు చూపంతా ఒకటే అని కొట్టిపారేయడానికి వీల్లేదు. నాయిన ఇరుకు చూపు చెట్టు కోసం, నా ఇరుకు చూపు నాకోసం. ఇక్కడితో తేలిపోయిందనుకుంటే మళ్లీ అడ్డం తిరుగుతుంది. బోర్లు ఎండాక, చుట్టుపక్కల తోటలన్నీ ప్లాట్లయ్యాక, మా పందిరీ దించారు. మొదళ్లు నరికింది నాయినే. కూలీలకు వదిలెయ్యలేదు. అదే చేత్తో, అంతే శ్రద్ధగా, వరస తర్వాత వరస. ఆ శ్రద్ధ చెట్టు కోసమేనని ఇప్పుడు ఎలా అనను? ఆ రోజు గురించి నాకు ఏ తీర్మానమూ లేదు.

ఇక్కడి చట్టానికి మాత్రం ఒక తీర్మానం ఉంది. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో రెండు మీటర్ల కంటే ఇరుకైన అడవి బాటల్లో సైకిల్ తొక్కకూడదు, అటవీ అధికారులు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప. రైన్ నది దాటి అవతలి రాష్ట్రానికి పోతే ఈ కొలత లేదు. రెండు చక్రాల బండిని 1817లో మాన్‌హైమ్‌లో తొలిసారి రోడ్డెక్కించిన కార్ల్ డ్రైస్ అటవీ అధికారి. ఆయన నేల మీదే ఈ నియమం ఉంది. వెడల్పు సరైన కొలత కాదని నా గట్టి నమ్మకం. వెడల్పాటి కంకర బాటలో ఎవడైనా రివ్వున దూసుకుపోగలడు, సన్నని మెలికల బాటలో నడక వేగం దాటడమే కష్టం. సైకిళ్లు గుద్దుతాయన్న నడిచేవాళ్ల భయం నిజమే, కొలతే తప్పు.

అయినా నియమం నియమమే కనుక ఇరుకు బాట వస్తే దిగి నెట్టుకుంటూ నడుస్తాను. నెట్టుకుంటూ వెళ్లేవాణ్ణి ఎవరూ ఆపరు. నా సందేహం అక్కడ తీరాలి నిజానికి. పడతానన్న భయం లేదు, కళ్లు ఖాళీ, చెట్లన్నీ నావే. మొదటి మలుపు దాకా చూస్తాను. బెరడు మీది నాచు, వడ్రంగిపిట్ట తొలిచిన బొరియ. రెండో మలుపుకు సోమవారం మీటింగ్ వచ్చి కూర్చుంటుంది. మూడో మలుపులో చెట్లుంటాయి, నేనుండను. కిందికి దూసుకొచ్చేటప్పుడు ఒక్క మీటరు నేలైనా పూర్తిగా నాకు దక్కేది. ఇప్పుడు అదీ లేదు. నెమ్మదిగా వెళ్లేవాడికే ప్రకృతి కనబడుతుందన్న మాటను నేనిక నమ్మను. కాళ్లు నెమ్మదిస్తే మనసు నెమ్మదిస్తుందని ఎవరన్నారు?

నాయిన మాట ఇప్పుడు వేరేగా వినబడుతోంది. రేపు మళ్లీ రావాలి. చూడటమన్నది ఒక పూట పని కాదేమో. ఇన్నేళ్లలో ఆ దిగుడును ఎండుటాకుల్లో, మంచులో, ఏప్రిల్ బురదలో దిగాను. ప్రతిసారీ దక్కింది చక్రం ముందరి ఆ మీటరే. ఫలానా వేరు కిందటేడు నేలలో ఉండేది, మట్టి కొట్టుకుపోయి ఈ ఏడు పైకి తేలింది. దాన్ని తేల్చినవాటిలో నా టైర్లూ ఉన్నాయి. అడవిని నేను ఒక్కసారిగా ఎన్నడూ చూడలేదు, ముక్కముక్కలుగా పోగేసుకున్నాను. నాయిన తోట కూడా ఆయనకు అలాగే పోగుపడి ఉంటుంది.

ఒక తేడా మాత్రం పోదు. ఆయన రాకపోతే చెట్టుకు నష్టం. ఆ పెద్దావిడ రాకపోయినా అంతే. నేను రాకపోతే ష్ట్రోంబెర్గ్‌కు నష్టమేమీ లేదు, వేళ్ల మీద మట్టి కాస్త నిలుస్తుంది కూడా. ఉద్యోగం ఈ దేశపు ఉత్తరాదికి మారితే ఈ బాట నాకుండదు. నాయిన మాత్రం తోట పోయిన ఇన్నేళ్లకు కూడా బండి మీది గుత్తిని చేతిలోకి తీసుకుని, కోతకు ముందు నీళ్లు ఆపారో లేదో చెబుతాడు. నేను చెప్పగలిగిందల్లా, ఆకుల కింద నేల ఎంత తడిసి ఉందో టైరు చప్పుడును బట్టి. అది చాలదనిపిస్తోంది.