జపమునందు నిలువని మనస్సు

మన కుటుంబములలో నవకార మంత్రము రాని బిడ్డ యుండడు. మాటలు వచ్చీ రాని నాడే తల్లి యొడిలో నేర్చుకొందుము. అయినను మంత్రము వచ్చుట వేరు, జపము వచ్చుట వేరు. నడివయస్సున మాల చేతబట్టిన సోదరులు పలువురు చెప్పు మాట ఒక్కటే: "వ్రేళ్ళు పూసలపై తిరుగుచున్నవి, మనస్సు మండీలో తిరుగుచున్నది. ఇట్టి జపము వలన ఫలమేమి? మానివేయుట మేలు గదా?" ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. దీనిని గూర్చి నాకు తోచిన నాలుగు మాటలు పాఠకుల యెదుట నుంచుచున్నాను.

మొదట, మన మనస్సు నిలువదనుట నిజమేనా? మన శాస్త్రములు ధ్యానమును నాలుగు విధములుగా చెప్పినవి: ఆర్తము, రౌద్రము, ధర్మ్యము, శుక్లము. మొదటి రెండును బంధమునకు, తక్కిన రెండును మోక్షమునకు కారణములు. బళ్ళారి నుండి బయలుదేరిన పత్తి బేళ్ళ లారీ రెండు దినములైనను చేరవలసిన చోటికి చేరలేదనుకొనుడు. ఆ రాత్రి వ్యాపారికి ఏకాగ్రతను ఎవరైనను నేర్పవలెనా? అన్నము రుచింపదు, ఇల్లాలి మాట వినబడదు, నిద్ర రాదు. చింత యంతయు ఆ ఒక్క లారీ మీదనే నిలిచియుండును. ఇదియే ఆర్తధ్యానము. ఇష్టమైనది దూరమగుట, అనిష్టము దాపురించుట, శరీరబాధ, ఫలము నాశించుట, ఈ నాలుగింటిని పట్టుకొని అది పెరుగును. ఇక రౌద్రధ్యానమునకు చెప్పిన నాలుగు తావులలో హింస, అసత్యము, చౌర్యములతో పాటు ధనసంరక్షణము కూడ నున్నది. గల్లాపెట్టె తాళమును తలచుకొనుచు పండుకొను మనకు ఇది తెలియని సంగతి కాదు. కావున మనకు ధ్యానము చేతకాదనుట పొరపాటు. బహుకాలముగా చేయుచునే యున్నాము. మార్చవలసినది విషయమును మాత్రమే.

ఆ మార్పునకు నవకార మంత్రము ఎంతయు అనుకూలమైనది. శ్వేతాంబరులకును దిగంబరులకును ఇది సమానమైన ధనము. మొదటి అయిదు పదములలో ముప్పదియైదు అక్షరములు. అరిహంతులు, సిద్ధులు, ఆచార్యులు, ఉపాధ్యాయులు, సాధువులు అను అయిదు స్థానములకు నమస్కారము తప్ప ఏ ఒక్క వ్యక్తి పేరును అందు లేదు, ఏ కోరికయు లేదు. క్రీస్తు పూర్వపు ఖారవేలుని హాథీగుంఫా శాసనము సైతము అర్హంతులకును సిద్ధులకును నమస్కరించియే ప్రారంభమగుచున్నది. మాలలోని నూట యెనిమిది పూసలును లెక్క లేక కూర్చినవి కావు. అరిహంతుల గుణములు 12, సిద్ధులవి 8, ఆచార్యులవి 36, ఉపాధ్యాయులవి 25, సాధువులవి 27. కూడిన 108.

ఈ అర్థము పిల్లలకు తెలియవలెను. మన ఇండ్లలో మార్వాడీయో గుజరాతీయో, బజారులో తెలుగో కన్నడమో, మంత్రము ప్రాకృతము. గుంతకల్లుకు సమీపమున నున్న కొనకొండ్ల, కుందకుందాచార్యుల జన్మస్థలమని పరంపరగా చెప్పుదురు. ఆ మహనీయుడు సమయసారమును ప్రాకృతముననే రచించెను. అట్టి సీమలో కాపురముండి అర్థమెరుగక జపించుట మనకు తగదు. బిడ్డ ఏ భాషలో ఆలోచించునో ఆ భాషలోనే అర్థము చెప్పవలెను.

ఇక అభ్యాసము. క్రొత్తవారు పైకి వినబడునట్లు పలుకుచు మొదలుపెట్టవలెను. పిమ్మట పెదవులు మాత్రమే కదలునట్లు, తుదకు మనస్సుననే. మొదటి నాడే మానసజపమునకు కూర్చున్న వానికి నిద్రయో బజారో ఎదురగును. నాలుక అలవాటున పరుగెత్తుచు మనస్సు వేరు దారి పట్టువారికి పెద్దలు ఆనుపూర్వి అను ఉపాయమును చూపిరి. అయిదు పదములకు ఒకటి మొదలు అయిదు వరకు అంకెలిచ్చి వానిని 120 విధములుగా మార్చి, ఇరువది పట్టికలలో, పట్టికకు ఆరు వరుసల చొప్పున వ్రాసిరి. 2, 1, 3, 4, 5 అని యున్నచోట ముందు సిద్ధులకు, పిదప అరిహంతులకు నమస్కరింపవలెను. చూపు అంకెను వదలిన మరుక్షణమే తప్పు బయటపడును. చిట్టా సరిచూచుకొను మనవంటి వారికి దీనికంటె తగిన సాధనము లేదు. నలుబదియెనిమిది నిమిషముల సామాయికము మొదటనే కుదరకున్నచో, దుకాణము తెరువక మునుపు ఒకే చోట, ఒకే వేళ ఒక మాల చాలును.

సామాయికమునకు పెద్దలు అయిదు అతిచారములను చెప్పిరి. మనస్సు, మాట, శరీరము దారి తప్పుట, ఆదరము లేకుండుట, మరచుట. మనస్సు తిరుగుటను వారును ఎరుగుదురన్నమాట. అయితే దానిని వ్రతభంగమనక అతిచారమనిరి, అనగా మాలిన్యము. మాసిన వస్త్రమును ఉతుకుకొందుము గాని పారవేయము. మానివేయుదునా యని అడిగిన సోదరునికి ఇదియే సమాధానము.

ఇంతకంటె కష్టమైన ప్రశ్న మరియొకటి గలదు. మనము జపించుట దేనికొరకు? వ్యాజ్యము గెలువవలెనని, ధర పెరుగవలెనని మాల త్రిప్పువారు లేకపోలేదు. "బెల్లము చూపనిదే బిడ్డ మందు త్రాగునా?" అని కొందరందురు. ఆ మాటలో కొంత నిజమున్నది. ఆశతో వచ్చినవానిని వెడలగొట్టరాదు. కాని బెల్లము తిని మందు ఉమిసిన బిడ్డకు రోగమెట్లు కుదురును? ఫలము నాశించుటను నిదానమనిరి. మాయ, మిథ్యాత్వములతో పాటు దీనిని శల్యమని, లోన విరిగిన ముల్లని చెప్పిరి. కోరిక లేని మంత్రమున మన కోరికను చొప్పించుట ఎంతవరకు న్యాయము?

అచౌర్యవ్రతమునకు చెప్పిన అతిచారములలో తప్పుడు తూనికలు, కల్తీ సరుకు కూడ నున్నవి. ఉదయము నూట యెనిమిది గుణములను స్మరించిన చేయి, మధ్యాహ్నము రైతు పత్తిని కాటాపై తక్కువ చూపినయెడల ఆ జపము ఎచ్చట జమ యగును? ఎన్ని మాలలైనవని లెక్కించుకొనుటకంటె, ధర పడిన నాడు రైతుతో ఎట్లు మాటలాడితిమో చూచుకొనుట మంచి పరీక్ష.

2025 ఏప్రిల్ 9న నవకార మహామంత్ర దివసమున ఢిల్లీ విజ్ఞాన భవనమున ప్రధానమంత్రి పాల్గొనగా, అనేక దేశములలో ఈ మంత్రమును కలిసి జపించిరి. అది మనకు గౌరవమే. కాని సభలో పదిమంది గొంతులు మనలను మోయును. మరునాడు ఉదయము, ఎవరును చూడని మూలలో, మన గొంతును మనమే మోసికొనవలెను. అభ్యాసము అచ్చటనే మొదలగును. ఈ సంవత్సరము మన సంఘమున ప్రతి ఇంటను ఒక మాలకైనను అట్టి చోటు ఏర్పడవలెనని నా మనవి.

జై జినేంద్ర.