‘మెంటర్’ - పదార్థ విచారము

నేడు కళాశాలలందును, కార్యాలయములందును ‘మెంటర్’ అను ఆంగ్లపదము తఱచుగా వినబడుచున్నది. అనుభవజ్ఞుడైన పెద్ద పిన్నవానికి దారి చూపినచో అతనిని మెంటర్ అందురు. ఇది మొదట ఒక మనుష్యుని పేరని ఎఱిగినవారు కొందఱే.

గ్రీకు మహాకవి హోమరు పేర వెలసిన ‘ఒడిస్సీ’ కావ్యమున ఇథాకా ద్వీపపు రాజు ఒడిస్సియస్. ట్రాయి యుద్ధమునకు పోవుచు అతడు తన గృహభారమును మిత్రుడైన మెంటరుకు అప్పగించెను. యుద్ధమునకు పదియేండ్లు, తిరుగు ప్రయాణమునకు పదియేండ్లు పట్టెను. అంతలో కుమారుడు టెలిమాకస్ యువకుడయ్యెను. రాణిని పెండ్లాడగోరినవారు ఇంట చేరి సొత్తును హరించుచుండిరి. ఊరివారు ఈ అన్యాయమును చూచుచు మిన్నకుండుటను మెంటర్ నిండుసభలో గర్హించెను. అతని మాట ఎవ్వరును చెవినిడలేదు.

అప్పుడు జ్ఞానదేవత అథీనా మెంటర్ రూపమునే ధరించి వచ్చి, ఓడను సమకూర్చి, టెలిమాకస్ వెంట పైలోస్ నగరమునకు పోయెను. వృద్ధరాజగు నెస్టరుతో ఎట్లు మాటాడవలెనో తెలియక యువకుడు జంకెను. ఆమె ధైర్యము చెప్పెనే గాని, తండ్రి జాడను గూర్చి అతనికి బదులుగా తాను అడుగలేదు. అతడే అడిగెను. పిమ్మట ఆమె పక్షిరూపమున ఎగిరిపోయెను.

ఈ పేరునకు సంస్కృతమునందలి ‘మన్’ ధాతువుతో చుట్టఱికము కలదని భాషావేత్తలు తలంతురు. మనస్సు, మతి, మంత్రము ఆ ధాతువునుండి పుట్టినవే. బడిలో వినబడు ‘మానిటర్’ అను పదమును ఆ కుటుంబములోనిదే. లాటినులో దానికి హెచ్చరించువాడని అర్థము.

పేరు సామాన్యపదమగుటకు ముఖ్యకారకుడు ఫ్రెంచి రచయిత ఫెనెలోన్. ఇతడు 1689లో పదునాలుగవ లూయీ మనుమనికి ఉపాధ్యాయుడయ్యెను. ఆ బాలునికై వ్రాసిన టెలిమాకస్ కథ 1699లో వెలువడెను. అందు మెంటర్ యుద్ధదాహమును, భోగలాలసను, ముఖస్తుతిని ఖండించును. అది తన పాలనకు ఎత్తిపొడుపని రాజు ఆగ్రహించెను. మతవివాద కారణమున 1697లోనే ఆస్థానమునకు దూరమైన ఫెనెలోన్ మరల అచట అడుగిడలేదు. గ్రంథము మాత్రము ఐరోపా అంతట వ్యాపించి, పదునెనిమిదవ శతాబ్దిలో ఈ పదమును ఆంగ్లమున నిలిపెను.

శరణ బంధువులారా! ఈ చరిత్రమున మార్గదర్శికి రెండు లక్షణములు కానవచ్చుచున్నవి. తనకు నష్టము కలిగినను సత్యము చెప్పుట ఒకటి. శిష్యుడు చేయవలసిన పనిని తాను చేయకుండుట రెండవది. అష్టావరణములలో మొదటివాడైన గురువు ఇష్టలింగమును శిష్యుని కరతలమున ఉంచును. అర్చన శిష్యుడే చేయవలెను. మన యిండ్లలో బిడ్డల చదువును, వృత్తిని, వివాహమును పెద్దలే నిర్ణయించి దానిని మార్గదర్శనమనుట కలదు. బిడ్డ నొచ్చుకొనునేమోయని తప్పును చూచియు మౌనము వహించుటయు కలదు. మొదటిది వాని కాళ్ళను కట్టివేయును. రెండవది వానిని చీకటిలో విడుచును. తెలిసిన దారిని నిర్భయముగ చెప్పి, నడకను బిడ్డకే విడుచుట పెద్దల ధర్మము.