పిలుపు ఎప్పుడు వల అవుతుంది?

పోయిన వీడియోలో ప్రశ్నోపనిషత్తు గురించి మాట్లాడుకున్నాం కదా. అది చూసి కుప్పంలో ఉండే నా ఫ్రెండ్ ఫోన్ చేశాడు. కాలేజీలో నాలుగేళ్లు మాది ఒకే రూము. వాడు కాథలిక్.

"వీడియో బాగుంది రా. మా చర్చిలో కొత్తవాళ్ల కోసం ఒక కోర్సు పెడుతున్నాం. వారానికి ఒక సాయంత్రం. కలిసి తింటాం, ఒక టాక్ ఉంటుంది, తర్వాత ఎవరికి ఏ డౌటున్నా అడగొచ్చు. ఒకసారి వస్తావా?" అన్నాడు.

"మతం మార్చడానికా?" అని అడిగేశాను.

కొంచెం ఆగి చెప్పాడు. "నీకు ఏసుప్రభువు తెలియాలని నాకు ఆశే రా, దాచను. కానీ నువ్వు వద్దంటే మన మధ్య ఏమీ మారదు."

మదనపల్లెలో అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "పోవద్దు నాయనా. ఈరోజు అన్నం పెడతారు, రేపు పేరు మారుస్తారు" అంది. అమ్మ భయం నాకు అర్థమైంది. ఫ్రెండ్ ఆశ కూడా అర్థమైంది. ఆ రెండింటి మధ్య నాకో ప్రశ్న మిగిలింది. మన నమ్మకంలోకి ఇంకొకరిని పిలవడం తప్పా? తప్పైతే, సరిగ్గా ఎక్కడ తప్పు?

ముందు ఈ కోర్సులేంటో చూద్దాం. వీటిలో ప్రపంచమంతా పేరున్నది ఆల్ఫా. 1977లో లండన్‌లోని హోలీ ట్రినిటీ బ్రాంప్టన్ అనే ఆంగ్లికన్ చర్చిలో, క్రైస్తవ విశ్వాసపు మొదటి పాఠాలు చెప్పడానికి మొదలైంది. 1990లో నిక్కీ గంబెల్ దాన్ని చేతిలోకి తీసుకున్నాక, చర్చి గడప తొక్కనివాళ్లకి సరిపోయేలా మార్చారు. తర్వాత కాథలిక్ విచారణలు కూడా ఆ పద్ధతిని అందుకున్నాయి. భోజనం, టాక్, చిన్న గుంపుల్లో చర్చ. ఎవరు ఏం అడిగినా తప్పు పట్టకూడదు.

భోజనం ఎందుకు? కలిసి తిన్న మనుషుల ముందు మనసు విప్పడం తేలిక. ఆ కోర్సు బలం అక్కడే ఉంది. ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఎనిమిది వారాలు ఒకే బల్ల దగ్గర తిన్నాక, "నాకు నమ్మకం కుదరలేదు" అని చెప్పడానికి మొహమాటం అడ్డొస్తుంది. మన తెలుగువాళ్ల సంగతి తెలుసుగా, పెళ్లి భోజనంలో రెండోసారి వడ్డిస్తేనే వద్దనలేం!

అయితే కాథలిక్కుల దగ్గర కోర్సు అయిపోగానే జ్ఞానస్నానం ఇచ్చెయ్యరు. తొలి శతాబ్దాల్లో జ్ఞానస్నానం కోరేవాళ్లు ఏళ్ల తరబడి నేర్చుకుంటూ ఎదురుచూసేవాళ్లు. కాలక్రమంలో మరుగునపడిన ఆ పద్ధతిని రెండో వాటికన్ మహాసభ (1962–65) మళ్లీ తెమ్మంది. 1972లో దానికి కొత్త క్రమం వచ్చింది. అంటే ఈ పరిచయ కోర్సు ఇంటి బయట వసారా లాంటిది. కూర్చోవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు.

ఇది చదివితే నాకు మన పిప్పలాద మహర్షే గుర్తొచ్చాడు. ఆరుగురు సమిధలు పట్టుకుని ప్రశ్నలతో వస్తే, ఆయన వెంటనే ఉపదేశం మొదలుపెట్టలేదు. ఒక ఏడాది తపస్సుతో, శ్రద్ధతో ఇక్కడ ఉండండి, తర్వాత మీ ఇష్టమొచ్చింది అడగండి, మాకు తెలిస్తే చెప్తాం అన్నాడు. "మాకు తెలిస్తే" అన్న మాట చూడండి. అంత తొందర లేనివాడు, తనకి తెలియనిది ఉండొచ్చని ఒప్పుకునేవాడు వల వెయ్యడు.

మరి వల ఎలా ఉంటుంది? దీనికి మన ప్రాంతపు చరిత్రలోనే ఒక చిక్కు ఉంది. 1700 తర్వాతి తొలి ఏళ్లలో ఫ్రెంచి జెసూట్ గురువులు పాండిచ్చేరి వైపు నుంచి పుంగనూరు వచ్చారు. కర్నాటక మిషన్ అని దానికి పేరు. 1606లో మదురైలో రాబర్ట్ డి నొబిలి మొదలుపెట్టిన దారిలోనే వీళ్లూ నడిచారు. సన్యాసుల్లా కావి కట్టారు, మాంసం మానేశారు, తెలుగు నేర్చుకున్నారు. అంతవరకూ అది మన మీద గౌరవమే అనిపిస్తుంది. కానీ తాము పరంగీలం కామని కూడా చెప్పుకునేవాళ్లు. ఒకే బట్ట. ఒక చూపులో మర్యాద, ఇంకో చూపులో మారువేషం. వాళ్ల త్యాగాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఎదుటివాడు తేల్చుకోవడానికి అవసరమైన ఒక నిజాన్ని దాచినప్పుడు, వాడి తరఫున మనమే తేల్చేసినట్టు కాదా?

ఈ విషయంలో కాథలిక్ సభ మాట కూడా స్పష్టంగానే ఉంది. 1965 డిసెంబరులో మత స్వేచ్ఛ మీద మహాసభ ఇచ్చిన ప్రకటనలో, విశ్వాసం చాటేటప్పుడు బలవంతం వాసన కూడా రాకూడదని, గౌరవం లేని మార్గాల్లో ఒప్పించకూడదని, పేదలతో, చదువులేనివాళ్లతో ఇంకా జాగ్రత్తగా ఉండాలని చెప్పారు. మన రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇస్తుంది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ఆ హక్కు నమ్మకాన్ని వివరించి చెప్పడానికే, ఇంకొకరిని మార్చే హక్కు అందులో లేదని తేల్చింది. మారాలా వద్దా అన్నది వినేవాడి అంతరాత్మ పని.

ఇప్పుడు మన వైపు కూడా చూసుకుందాం. కాలేజీలో ఉండగా "స్ట్రెస్ తగ్గించుకోండి" అనే ఉచిత క్యాంపుకి వెళ్లాను. మూడో రోజు అందరినీ కళ్లు మూసుకోమని, తెరిచేసరికి సభ్యత్వం ఫారాలు చేతిలో పెట్టారు. అది మన ధర్మం పేరుతో నడిచే సంస్థే. సంతకం పెట్టాను, మొహమాటంతో. ఏడాది పాటు వాళ్ల ఫోన్లు తప్పించుకు తిరిగాను. ఆ రోజు నాకు కలిగిన బాధకీ అమ్మ భయానికీ పేరు ఒకటే.

అందుకే నాకు దొరికిన కొలత ఇది. ఎక్కడికి తీసుకెళ్తున్నారో ముందే చెప్పారా? కాదంటే స్నేహమో, స్కూలు సీటో, మందులో, అప్పో ఏదైనా పోతుందా? ఇంటికెళ్లి ఆలోచించుకోవడానికి టైమ్ ఇచ్చారా? వీటికి సరైన జవాబుంటే అది పిలుపు. లేకపోతే, చివర్లో ఏ దేవుడి పేరు చెప్పినా అది వలే.

నేను వెళ్లాను. బెంగళూరు నుంచి రైల్లో కుప్పం. చిత్రాన్నం, పెరుగన్నం పెట్టారు. గుంపులో తెలుగు, తమిళం, కన్నడ మూడూ వినిపించాయి. నా వంతు వచ్చినప్పుడు, నేను కృష్ణ భక్తుణ్ణి, అలాగే ఉంటాను, వినడానికి వచ్చాను అని చెప్పాను. ఎవరూ మొహం మార్చుకోలేదు. ఒక పెద్దావిడ మాత్రం అడిగింది, "మీ కృష్ణుడు మిమ్మల్ని క్షమిస్తాడా నాయనా? ఎలా?" అని. వీడియోలు చేసే నేను తడబడ్డాను. ఆ ప్రశ్న రైల్లో నాతోపాటే వచ్చింది. ఇంటికొచ్చి గీత మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను.

పద్దెనిమిదో అధ్యాయంలో, అంతా చెప్పాక, కృష్ణుడు అర్జునుడితో ఏమంటాడో మీకు తెలుసు. దీన్ని పూర్తిగా ఆలోచించుకుని, నీకెలా తోస్తే అలా చెయ్యి అంటాడు. చెప్పినవాడు భగవంతుడు, విన్నవాడు ప్రాణస్నేహితుడు, ఎదురుగా యుద్ధం. అయినా తలుపు తెరిచే ఉంచాడు.

వచ్చే నెల నుంచి మన ఛానల్‌లో కొత్తవాళ్ల కోసం గీత పరిచయం మొదలుపెడుతున్నాం. మీరు కృష్ణుణ్ణి ప్రేమించాలని నాకు ఆశ. దాచను. వద్దనుకుంటే మధ్యలో మానెయ్యండి, ఎవరూ ఫోన్ చెయ్యరు. మొదటి పిలుపు కుప్పంకే పంపాను. వాడు వస్తాడో రాడో, వాడిష్టం.

కృష్ణార్పణం.